చీకటి నడవకు మెరుపు నేల వద్దు

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళు హాలు నేల గురించి నెల రోజులు ఆలోచిస్తారు. వంటింటి గట్టు రాయి కోసం ఊళ్ళు తిరుగుతారు. నడవ దగ్గరికొచ్చేసరికి మాత్రం "హాల్లో వేసిందే పెరటి గుమ్మం దాకా లాగేయండి" అనేస్తారు. నిజానికి ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ నలిగేది నడవే. మనుషులు, బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండర్లు, రాత్రయితే మోటారు సైకిలు కూడా అందులోంచే పోవాలి. వెలుతురు తక్కువగా ఉండేదీ అక్కడే. కాబట్టి ఇంటి మొత్తంలో నేల గురించి గట్టిగా పట్టించుకోవాల్సిన చోటు అదేనని నేను నమ్ముతాను. షోరూమ్ లైట్ల కింద మనల్ని మురిపించే మెరుపు అక్కడ పనికిరాదు.

పాత మండువా లోగిళ్ళలో ఈ చీకటి బాధ లేదు. మధ్యలో ఆకాశం తెరిచి ఉండేది, చుట్టూ ఉన్న వసారాలకు అక్కడి నుంచే వెలుగు అందేది. ఇప్పుడు అమలాపురంలోనో భీమవరంలోనో రెండు మూడు సెంట్ల స్థలంలో, పక్కింటి గోడలకు ఆనుకుని, గదులు ఒకదాని వెనక ఒకటి కట్టుకుంటున్నాం. నడవకు పగటి వెలుతురు ఒక చివరనున్న గుమ్మంలోంచే రావాలి.

అలా వచ్చే వెలుతురు నేలను బాగా వాలుగా తాకుతుంది. మెరుపుతో చిక్కంతా ఇక్కడే. గాజులాంటి నున్నటి పూత మీద నిటారుగా పడిన వెలుతురులో 4 శాతం మాత్రమే అద్దంలో లాగా తిరిగొస్తుంది. అదే నిలువు నుంచి 80 డిగ్రీలు వాలి పడితే 40 శాతం దగ్గరికి చేరుతుంది. ఏటిగట్టు మీద నిలబడి కాళ్ళ దగ్గరి నీళ్ళలోకి చూస్తే అడుగున ఇసుక కనిపిస్తుంది, దూరంగా చూస్తే ఆకాశమే కనిపిస్తుంది. కారణం ఒకటే. లోపలి నుంచి గుమ్మం వైపు నడిచే మనిషికి మెరిసే నేల ఒక తెల్లటి చారగా కనిపిస్తుంది. ఆ చారలో ఒలికిన నీళ్ళు కనిపించవు. కన్ను ఆ వెలుగుకు అలవాటుపడి మిగతా మూలలు ఇంకా చీకటిగా తోస్తాయి. శుక్లాలున్న పెద్దవాళ్ళకు ఇది మరీ ఇబ్బంది. మెరుపు లేని మ్యాట్ పలకైతే పడిన వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడుతుంది, కొంత గోడల మీదికీ పోతుంది.

రంగు సంగతి కూడా చెప్పాలి. నల్ల రాయి పడిన వెలుతురులో చాలా భాగాన్ని మింగేస్తుంది. తెలుపు బాగా తిప్పికొడుతుంది గానీ ప్రతి అడుగు ముద్రా పట్టిచూపిస్తుంది. గోదావరి ఇసుక రంగు, లేత గోధుమ, పొడి మట్టి రంగు, వీటిలో కాస్త చుక్కలున్నవి నడవకు బాగుంటాయి. మన కాళ్ళకు అంటుకొచ్చే దుమ్ము రంగూ అదే కదా!

ఇక అరుగుదల. డెల్టాలో రాయి దొరకదు గానీ ఇసుకకు కొదవ లేదు. ఆ ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. 1812లో ఫ్రెడరిక్ మోస్ ఖనిజాల గట్టిదనానికి 1 నుంచి 10 దాకా ఒక కొలబద్ద ఇచ్చాడు. అందులో క్వార్ట్జ్ 7. పాలరాయిలో, నాపరాయిలో ఉండే కాల్సైట్ 3. చాకు ఉక్కు 5.5 దగ్గర ఉంటుంది. పలకల మీద వేసే గాజు పూత, అంటే గ్లేజు కూడా చాలావాటిలో 7 కంటే తక్కువే. చెప్పు కింద చిక్కుకున్న ఒక్క ఇసుక రేణువు, దాని మీద మన బరువంతా మోపుకుని, నేలను గీస్తూ పోతుంది. మెరిసే పలక మీద ఆ గీత కొట్టొచ్చినట్టు కనపడుతుంది, ఎందుకంటే చుట్టూ అద్దంలా ఉన్నచోట గీత ఒక్కటే వెలుతురును చెదరగొడుతుంది. మ్యాట్ పలక మీదా గీత పడుతుంది, కానీ అక్కడ అంతా చెదిరే వెలుతురే కాబట్టి అందులో కలిసిపోతుంది.

షోరూమ్‌కు వెళ్ళేటప్పుడు చిన్న పొట్లంలో ఇసుక, ఒక సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళండి. శాంపిల్ ముక్క అడిగి, ఇసుక చల్లి చెప్పుతో గట్టిగా రుద్దండి. తుడిచేసి, ఫోన్ టార్చి పలకకు దాదాపు ఆనించి వాలుగా వెయ్యండి. గీతలుంటే అన్నీ బయటపడతాయి. తర్వాత పలకను తిరగేసి వెనక నీటి చుక్క వెయ్యండి. చుక్క గబుక్కున ఇంకిపోతే అది గోడకు వేసే సిరామిక్ రకం, తన బరువులో 10 శాతానికి పైగా నీరు పీల్చగలదు. చుక్క అలాగే నిలిస్తే విట్రిఫైడ్, అది పీల్చేది 0.5 శాతం లోపే. చివరగా పైవైపు నీళ్ళు పోసి, చెప్పు విప్పి, ఒట్టి కాలితో జరిపి చూడండి. గ్లేజు పలకలు అరుగుదలను ఎంత తట్టుకుంటాయో చెప్పే పీఈఐ అంకె 1 నుంచి 5 దాకా ఉంటుంది, నడవకు 4 గానీ 5 గానీ అడగండి. జారుడుకు ఆర్9 నుంచి ఆర్13 దాకా గుర్తులున్నాయి, అంకె పెరిగేకొద్దీ జారుడు తగ్గుతుంది. ఇంటి నడవకు ఆర్10 చాలు, అంతకు మించితే మురికి గరుకులో దిగబడి తుడవడం కష్టమవుతుంది.

తడి విషయంలో మన దగ్గర ఇంకొక సంగతుంది. కాళ్ళు కడుక్కుని లోపలికి రావడం మన అలవాటు, మంచి అలవాటు. ఆ తడి కాళ్ళు మొదట పడేది నడవలోనే. దానికితోడు సముద్రపు గాలి. 32 డిగ్రీల గాలిలో తేమ 80 శాతం ఉంటే, 28 డిగ్రీలున్న దేని మీదైనా ఆవిరి నీరై పేరుకుంటుంది. ఎండ తగలని నడవ నేల అంతకంటే చల్లగా ఉన్న రోజున ఎవరూ ఒలకబోయకుండానే చెమరుస్తుంది. కాలు జారేది పాదానికీ పలకకూ మధ్య సన్నటి నీటి పొర చిక్కుకోవడం వల్ల. గరుకు పలకలో కంటికి ఆనని మిట్టలు ఆ పొరను చీల్చుకుని పాదాన్ని పట్టుకుంటాయి. గుమ్మం దగ్గర కొబ్బరి పీచు కాలిపట్టా వేస్తే తడీ, ఇసుకా సగం అక్కడే ఆగిపోతాయి. కోనసీమలో దానికి కరువా?

అసలు కష్టం కింది నుంచి వస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక అల్లుకున్న కాలవలు పారే నెలల్లో, చాలా ఊళ్ళలో కొద్ది లోతులోనే నీళ్ళుంటాయి. మట్టి సందుల గుండా ఆ నీరు పైకి పాకుతుంది. సందు ఎంత సన్నమైతే అంత ఎత్తుకు. అర మిల్లీమీటరు వ్యాసార్ధమున్న సందులో నీరు 3 సెంటీమీటర్లే ఎక్కుతుంది, మిల్లీమీటరులో వందో వంతు సందులో మాత్రం మీటరున్నర. బంకమట్టి సందులు ఇంకా సన్నం. పాత గచ్చు, నాపరాళ్ళ అతుకులు ఆ చెమ్మను కొద్దికొద్దిగా గాలిలోకి వదిలేసేవి. వాటి మీద విట్రిఫైడ్ పలకలు పరిచేసరికి ఆ దారి మూసుకుపోయి, చెమ్మ గోడల్లోకి మళ్ళుతుంది. ఇన్నాళ్ళూ బాగున్న గోడ నేల మార్చాక మోకాలెత్తున పెచ్చులూడుతోందంటే ముందు దీన్నే అనుమానించాలి. నీటితో పాటు వచ్చిన ఉప్పు ఆరినచోట గడ్డకట్టి సున్నాన్ని, రంగును నెట్టేస్తుంది. ఉప్పునీటి ఊళ్ళలో, రొయ్యల చెరువుల పక్కన ఇది ఎక్కువ.

మందు పలకలో లేదు, దాని అడుగున ఉంది. నింపడానికి బంకమట్టి వద్దు. ముతక ఇసుక పోసి దిమ్మిస కొట్టించి, పైన కంకర పరిస్తే ఆ పెద్ద సందుల్లో నీరు ఎక్కలేదు. దాని మీద మందపాటి పాలిథీన్ షీటు, ఆ పైన బెడ్ కాంక్రీటు. ఈ ఖర్చుకు వెనకాడి పై పలకకు ఎక్కువ పెట్టడం నాకు బాధనిపిస్తుంది.

అడుగు ఇలా పొడిగా ఉంటే నా మొదటి ఓటు మ్యాట్ విట్రిఫైడ్‌కే, వీలైతే పైనుంచి కింది దాకా ఒకే రంగుండే ఫుల్ బాడీ రకం. పెచ్చు లేచినా లోపల వేరే రంగు కనపడదు. రెండో ఓటు బేతంచర్ల, తాండూరు నాపరాళ్ళకు. మెత్తన నిజమే, అరుగుతాయి, కానీ అరిగిన చోటా అదే రాయి, మళ్ళీ పాలిష్ పట్టించుకోవచ్చు. చీమకుర్తి నల్ల గ్రానైట్ బ్లాక్ గెలాక్సీ చాలా అందమైన రాయి, చీకటి నడవకు మాత్రం కాదు. చెక్క లామినేట్ మాట ఎత్తకండి. చెదలు, చెమ్మ, 2022 జూలైలో వచ్చినట్టు వరద వస్తే లంక గ్రామాల్లో ఇంట్లో నిలిచే నీళ్ళు, దేనికీ అది ఆగదు.

పరిచేటప్పుడు దగ్గరుండండి. పలక కింద నాలుగు మూలలా ముద్దలు పెట్టి, మధ్య ఖాళీ వదిలేస్తే మోటారు సైకిల్ సైడ్ స్టాండు ఆనినచోట పగులుతుంది. ఆరాక ప్రతి పలకనూ నాణెంతో తట్టండి, డొల్ల శబ్దం వస్తే తీయించి మళ్ళీ వేయించండి. అతుకులకు వైట్ సిమెంటు బదులు ఎపాక్సీ పెట్టించండి, నల్లబడదు. పని అయ్యాక శుభ్రానికని యాసిడ్ పోయనివ్వకండి. అది సిమెంటు అతుకులను, నాపరాయినీ కూడా కరిగించేస్తుంది. పలకలు కొనేటప్పుడే అదే బ్యాచ్ నంబరున్న పెట్టె ఒకటి ఎక్కువ తీసుకుని అటక మీద పెట్టుకోండి. బట్టీలో కాల్పు మారితే రంగు మారుతుంది, తర్వాత అదే పేరుతో కొన్నా కలవదు.