ఎకరం: ఒక సర్వేయరు విన్న అపోహలు, చెప్పే వాస్తవాలు

పొలం కొలవడానికి వెళ్లిన ప్రతిచోటా గట్టు మీద ఈ మాటలు వినబడతాయి. నాకు ఇష్టమైన మాట గురించి కాబట్టి వివరంగానే చెబుతాను.

అపోహ: ఎకరం సంస్కృత 'ఏక' నుంచి వచ్చింది.

వాస్తవం: కాదు, అది ఇంగ్లీషు 'ఏకర్'. పాత ఇంగ్లీషులో దానికి మొదటి అర్థం పొలం, అంతే. కొలత అయింది తర్వాత. జర్మన్‌లో 'ఆకర్' అంటే ఇప్పటికీ పొలమే. సంస్కృతంతో చుట్టరికం మాత్రం ఉంది. ఋగ్వేదంలోని 'అజ్ర', లాటిన్ 'అగెర్' ఈ కుటుంబానివే. అగ్రికల్చర్ ఆ లాటిన్ మాట నుంచే వచ్చింది. ఇవన్నీ తోబుట్టువులు. ఒకదానికొకటి తల్లీబిడ్డలు కావు.

అపోహ: 4,840 చదరపు గజాలన్నది ఎవరో ఆఫీసులో కూర్చుని వేసిన లెక్క.

వాస్తవం: ఆ లెక్క దుక్కిలో పుట్టింది. ఇంగ్లండులో కాడెద్దులు ఒక రోజులో దున్నే నేలను ఏకర్ అనేవారు. మన దగ్గర 'నాలుగు అరకల వ్యవసాయం' అన్నట్టే, అక్కడా నేలను ఎద్దులతోనే లెక్కపెట్టారు. వాళ్ల బరువైన నాగలిని మళ్లీ మళ్లీ తిప్పడం కష్టం. అందుకని నాగటి చాలు పొడవుగా సాగేది. ఫర్లాంగు అంటే అర్థమే 'చాలు పొడవు': 220 గజాలు. దున్నే పట్టీ వెడల్పు 22 గజాలు. రెండూ గుణిస్తే 4,840.

ఆ 22 గజాలకే 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లీషు గణితవేత్త నేల కొలిచే గొలుసు తయారుచేశాడు. 66 అడుగులు, 100 లింకులు. ప్రతి పది లింకులకీ ఒక ఇత్తడి బిళ్ల, దాని పళ్లను బట్టి ఎన్ని పదులో తెలుస్తుంది. క్రికెట్ పిచ్ పొడవూ సరిగ్గా ఇంతే. పది పిచ్‌ల పొడవు, ఒక పిచ్ పొడవంత వెడల్పు ఉంటే ఎకరం.

అపోహ: ఎకరం చతురస్రంగా ఉండాలి.

వాస్తవం: ఏ ఆకారమైనా ఫరవాలేదు. చతురస్రమైతే ఒక్కో వైపు దాదాపు 208.7 అడుగులు.

అపోహ: కాగితంలో 2.20 అని ఉంటే ఎక్కడైనా ఒకటే.

వాస్తవం: ఇక్కడే మనుషులు నష్టపోతారు. ఆంధ్రలో అది 2 ఎకరాల 20 సెంట్లు. ఎకరానికి 100 సెంట్లు కాబట్టి రెండుంపావు ఎకరాలకి కొంచెం తక్కువ. తెలంగాణలో అదే అంకె 2 ఎకరాల 20 గుంటలు, ఎకరానికి 40 గుంటలు కాబట్టి రెండున్నర ఎకరాలు. తేడా 1,452 గజాలు. బేరం కుదరకముందే పాయింటు తర్వాత ఉన్నవి గుంటలా సెంట్లా అని అడగండి.