పాట, దుఃఖం, మానసిక వైద్యం: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

నేను మానసిక వైద్యుణ్ని. ఓపీకి కొత్తగా వచ్చినవాళ్లను నిద్ర గురించి, ఆకలి గురించి అడిగాక ఇంకో ప్రశ్న కూడా వేస్తాను: "ఈమధ్య పాటలు వింటున్నారా?" ఈయనకేదో కాలక్షేపం కావాలనుకుంటారు పక్కన కూర్చున్న ఇంట్లోవాళ్లు. నాకది వైద్యానికి పనికొచ్చే ప్రశ్నే. మనిషి పాటతో ఎలా మసలుకుంటున్నాడో తెలిస్తే లోపల ఏం జరుగుతోందో చాలావరకు తెలుస్తుంది. అయినవాళ్లను పోగొట్టుకుని వచ్చినవాళ్ల విషయంలో మరీనూ.

పాట గురించి, దుఃఖం గురించి జనం నాతో అనే మాటల్లో కొన్ని పూర్తిగా తప్పు. కొన్ని సగం నిజాలు. నాకు ఎక్కువ పని పెట్టేవి ఈ సగం నిజాలే. కింద చెప్పిన సంగతుల్లో మనుషులెవరో గుర్తుపట్టలేనట్టుగా వివరాలు మార్చాను.

అపోహ: విషాద గీతాలు వింటే డిప్రెషన్ వస్తుంది

"డాక్టర్ గారూ, ఆ ఏడుపుగొట్టు పాటలు మానేయమని మీరైనా చెప్పండి" అంటారు. నేను చెప్పను. పాట విన్నంత మాత్రాన డిప్రెషన్ రాదు. బాధలో ఉన్న మనిషి బాధగా ఉండే పాటను వెతుక్కోవడం సహజం. 2014లో లీలా టరుఫీ, స్టెఫాన్ కోల్ష్ అనే పరిశోధకులు 772 మందిని విషాద సంగీతం వింటే ఏమనిపిస్తుందని అడిగారు. అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన జవాబు బాధ కాదు, పాత రోజులు గుర్తొచ్చి కలిగే తీపి బెంగ.

ఇందులో సగం నిజం ఎక్కడుందంటే, కొందరికి జరిగిపోయినదాన్నే తవ్వుకునే స్వభావం ఉంటుంది. "నేనలా చేసి ఉంటే, ఆ రోజు ఫోన్ ఎత్తి ఉంటే" అంటూ మళ్లీ మళ్లీ అక్కడికే పోతారు. వాళ్లకు ఇవే పాటలు ఆ తవ్వకానికి సాయపడతాయి. అందుకే ఏ పాట విన్నారని కాక, విన్నాక ఏం చేశారని అడుగుతాను. కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని పనిలో పడ్డారా? లేక అదే పాట పెట్టుకుని తెల్లారేదాకా మేలుకున్నారా? మొదటివాళ్లకు నాతో పని లేదు. రెండోవాళ్ల దగ్గర ఫోన్ లాక్కుంటే ఒరిగేదేమీ లేదు. ముందు నిద్ర సంగతి చూడాలి, ఆ తర్వాత తవ్వకం సంగతి.

ఇంకో మాట. దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గర "మనసు తేలికపడుతుంది" అంటూ హుషారు పాటలు పెట్టకండి. మీ ఏడుపు మేం భరించలేకపోతున్నాం అన్నట్టు వినబడుతుంది వాళ్లకు.

అపోహ: దుఃఖానికి అయిదు మెట్లు, అన్నీ వరసగా ఎక్కాలి

నమ్మలేకపోవడం, కోపం, బేరాలాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం. ఈ జాబితా ఇంటర్నెట్‌లో చదివి "నాకింకా కోపం రాలేదు, ఏమైనా తేడా ఉందా" అని అడిగేవాళ్లున్నారు. ఎలిజబెత్ కుబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో ఈ అయిదూ చెప్పింది చావు దగ్గరపడిన రోగులతో మాట్లాడి, వాళ్ల గురించి. పోయినవాళ్ల కోసం ఏడ్చేవాళ్లకు దాన్ని అంటగట్టడం తర్వాత జరిగింది. ఈ వరసలోనే దుఃఖం నడుస్తుందనడానికి గట్టి ఆధారం లేదు.

నేను ఓపీలో చూసేదానికి దగ్గరగా ఉన్నది 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు చెప్పిన పద్ధతి. మనిషి రెండు పనుల మధ్య ఊగుతుంటాడు. ఒకటి పోయినవాళ్ల కోసం బాధపడటం, రెండోది వాళ్లు లేని బతుకును సర్దుకోవడం. బ్యాంకు పనులు, పిల్లల చదువు, ఇంతకాలం వాళ్లే చేసిన పనులు నేర్చుకోవడం అన్నీ రెండోదాంట్లోకే వస్తాయి. పొద్దున స్కూటర్ నడపడం నేర్చుకుని నవ్విన మనిషే సాయంత్రం ఒక పాట చెవిన పడగానే కూలబడిపోవచ్చు. ఆ నవ్వుకు సిగ్గుపడక్కర్లేదు. ఇంట్లోవాళ్లు కూడా "పొద్దున బాగానే ఉందిగా" అని దెప్పకూడదు.

అపోహ: ఫొటోలు, రికార్డింగులు కళ్లబడకుండా చేస్తేనే కోలుకుంటారు

ఒక పెద్దాయన పాత ఫోన్‌కు రోజూ ఛార్జింగ్ పెడతారు. అందులో సిమ్ లేదు. భార్య పని చేసుకుంటూ కూనిరాగం తీస్తుండగా ఎవరో తీసిన చిన్న వీడియో ఉంది. పాట సరిగ్గా వినిపించదు, గిన్నెల చప్పుడే ఎక్కువ. నాన్నకు మతి చలించిందేమోనని కొడుకు భయం. నేనడిగింది ఒకటే: వీడియో చూశాక ఆయన ఏం చేస్తారు? "చూసి, వాకింగ్‌కు వెళ్తారు" అన్నాడు. ఆ ఫోన్ జోలికి వెళ్లొద్దన్నాను. వీలైతే ఆ వీడియోకు ఇంకో కాపీ తీసి పెట్టమన్నాను, పాత ఫోన్లను నమ్మలేం కదా.

పోయినవాళ్ల నుంచి మనసును వెనక్కి లాక్కోవడమే దుఃఖం చేసే పని అని 1917లో రాసింది మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్. అదే మా వైద్యంలోనూ చాలాకాలం పాతుకుపోయింది. కానీ ఆయన కూతురు సోఫీ 1920లో చనిపోయింది. తొమ్మిదేళ్ల తర్వాత ఆమె పుట్టినరోజున, కొడుకును పోగొట్టుకున్న స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఆ ఖాళీని ఏదీ పూర్తిగా నింపలేదని, అలా ఉండటమే సరైనదని ఆయనే ఒప్పుకున్నాడు. సిద్ధాంతం కన్నా ఆ ఉత్తరమే నాకెక్కువ పనికొస్తుంది. 1990ల నుంచి పరిశోధనలూ అటే మొగ్గాయి. పోయినవాళ్లతో ఏదో ఒక బంధం మనసులో మిగిలి ఉండటం మామూలు విషయమే.

అపోహ: కాలమే అన్నీ మాన్పుతుంది, దుఃఖానికి డాక్టరెందుకు?

ఎక్కువమంది విషయంలో నిజమే. ఎవరైనా పోయిన వారానికే మాత్రల కోసం నా దగ్గరికి తీసుకొస్తే, ప్రాణానికి ముప్పు ఉన్న లక్షణాలు లేకపోతే, మాట్లాడి పంపేస్తాను. దుఃఖం జబ్బు కాదు.

కానీ కొద్దిమందిలో అది గడ్డకట్టుకుపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో దీన్ని విడి రుగ్మతగా గుర్తించింది, కనీసం 6 నెలలు దాటాలని చెప్పింది. అమెరికా వాళ్ల మానసిక రుగ్మతల జాబితా డీఎస్ఎం 2022 సవరణలో పెద్దవాళ్లకు 12 నెలలు, పిల్లలకు 6 నెలలు అని పెట్టారు. కేవలం నెలలు లెక్కపెట్టి తేల్చేది కాదిది. ఎడబాటు బెంగ దాదాపు రోజూ పదునుగానే ఉండాలి, పనీ సంబంధాలూ దెబ్బతినాలి, వాళ్ల సమాజంలో మామూలుగా దుఃఖించే తీరును మించిపోవాలి.

పాట ఇక్కడ మంచి ఆనవాలు. పోయినవాళ్లకు ఇష్టమైన పాట వస్తుందేమోనని రేడియో పెట్టరు, ఫంక్షన్లకు వెళ్లరు, చివరికి క్యాబ్ ఎక్కడానికి కూడా జంకుతారు. ఎవరి గుండెల్లో ఏ పాట ఉందో తెలియదు కాబట్టే నా వెయిటింగ్ హాల్లో పాటలు పెట్టనివ్వను.

దీనికి ప్రత్యేకమైన చికిత్స ఉంది. క్యాథరిన్ షియర్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో, దుఃఖం కోసమే రూపొందించిన కౌన్సెలింగ్ మామూలు డిప్రెషన్ కౌన్సెలింగ్ కన్నా బాగా పనిచేసింది. 2016లో అదే బృందం డిప్రెషన్‌కు వాడే సిటాలోప్రామ్ అనే మందును దానికి కలిపి చూసింది. డిప్రెషన్ లక్షణాలు ఇంకా తగ్గాయి కానీ, దుఃఖం విషయంలో మందు వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందుకే "ఏదైనా మాత్ర రాసివ్వండి" అంటే రాయడానికి ముందు ఆలోచిస్తాను. ఈ కౌన్సెలింగ్‌లో తప్పించుకు తిరుగుతున్నవాటి దగ్గరికి కొద్దికొద్దిగా వెళ్లడం ఒక భాగం. ఆ పాట కూడా ఆ జాబితాలో ఉండొచ్చు. మొదట పల్లవి ముందొచ్చే సంగీతం మాత్రమే, అదీ పక్కన నేనుండగా.

దుఃఖమా, డిప్రెషనా అన్న అనుమానం మాకూ వస్తుంది. దుఃఖం అలలుగా వస్తుంది, మధ్యలో తెరిపి ఇస్తుంది. మనిషికి తన మీద తనకు గౌరవం పోదు. డిప్రెషన్‌లో తెరిపి ఉండదు, "నేనెందుకూ పనికిరాను" అన్న మాట వినబడుతుంది. రెండూ కలిసి వచ్చేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు రెండిటికీ వైద్యం చేయాలి.

అపోహ: ప్రాణంగా చూసుకున్న పాట రుచించకపోతే మందులే కారణం

సంగీతం నేర్చుకున్న ఒకమ్మాయి చెప్పింది: "శ్రుతి తెలుస్తోంది, తాళం తెలుస్తోంది, ఎక్కడ బాగుందో కూడా చెప్పగలను. ఒళ్లు మాత్రం జలదరించడం లేదు." డిప్రెషన్‌ను ఇంతకన్నా స్పష్టంగా వర్ణించడం పాఠ్యపుస్తకాల్లో కూడా అరుదు. మాంట్రియల్‌లో వలోరీ సాలింపూర్, రాబర్ట్ జటోర్ బృందం 2011లో స్కానింగుల ద్వారా చూపించిందేమిటంటే, నచ్చిన సంగీతం వింటున్నప్పుడు మెదడులో ఆనందంతో ముడిపడిన డోపమైన్ అనే రసాయనం రెండు ఘట్టాల్లో, రెండు వేర్వేరు చోట్ల విడుదలవుతుంది. ఇష్టమైన ఘట్టం రాబోతోందని ఎదురుచూసేటప్పుడు ఒకచోట, అది వచ్చి ఒళ్లు జలదరించినప్పుడు ఇంకోచోట. డిప్రెషన్‌లో ఆ ఎదురుచూపే ముందు మందగిస్తుందని నా అనుభవం.

అందరూ మాత్రలనే తిట్టుకున్నారు. తారీఖులు అడిగితే, ఆమె పాట మానేసింది మాత్రలు మొదలుకాకముందే అని తేలింది. జబ్బు తగ్గుతుంటే పాట కూడా తిరిగొచ్చింది, కాకపోతే నిద్ర, ఆకలి సర్దుకున్న చాలా రోజులకు.

అలాగని మందులను పూర్తిగా వెనకేసుకు రాను. డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్ఎస్ఆర్ఐ మాత్రలతో కొందరికి భావాలు మొద్దుబారతాయి. ఏడుపు రావాల్సిన చోట రాదు, పాట తాకదు. డోసు తగ్గించి, లేదా మందు మార్చి సరిచేయవచ్చు. కానీ మీ అంతట మీరు టకీమని ఆపేయకండి. తల తిరగడం, చిరాకు, నిద్రలేమి వస్తాయి. జబ్బు తిరగబెట్టొచ్చు. మూర్ఛకు, మూడ్ స్థిరపరచడానికి వాడే కార్బమాజిపైన్‌తో ఇంకో వింత జరుగుతుంది. అరుదుగా కొందరికి స్వరాలన్నీ అర్ధస్వరం మేర కిందికి దిగి వినబడతాయి. ఇలాంటి కేసులు ఎక్కువగా జపాన్ నుంచి వచ్చాయి. మామూలువాళ్లు పట్టించుకోకపోవచ్చు, సంగీతకారులకు మాత్రం నరకం. మందు ఆపితే తగ్గుతుంది. మీరు పాడేవాళ్లయితే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి.

ఇవేవీ లేకుండా, అన్నీ ఆస్వాదిస్తూ సంగీతం ఒక్కటే పట్టనివాళ్లు కూడా కొద్ది శాతం ఉంటారు. అది జబ్బు కాదు. వాళ్లను వదిలేయండి.

అపోహ: లేని పాటలు వినబడితే పిచ్చి మొదలైనట్టే

వినికిడి తగ్గిన పెద్దవాళ్లలో ఇది జరుగుతుంది. పక్కింట్లో ఎవరో పాటలు పెట్టారని గొడవకు కూడా వెళ్తారు. బయటి శబ్దం అందకపోయేసరికి మెదడు తన దగ్గరున్న పాత పాటలనే వినిపిస్తుంది. చాలామందికి ముందు కావాల్సింది చెవి పరీక్ష. వినికిడి మిషన్ పెట్టాక తగ్గినవాళ్లున్నారు. హఠాత్తుగా మొదలైతే మాత్రం మూర్ఛ, మెదడు జబ్బులు, మందుల ప్రభావం కూడా చూడాలి. సిగ్గుపడి దాచుకోవడం వల్లే ఆలస్యమవుతుంది.

అపోహ: మ్యూజిక్ థెరపీ అంటే మంచి ప్లేలిస్ట్

శిక్షణ పొందిన థెరపిస్ట్, ఒక లక్ష్యం, వరసగా సిట్టింగులు ఉంటేనే అది థెరపీ. చాలాసార్లు రోగే డప్పో, కీబోర్డో వాయిస్తాడు, సంగీతం ముందే వచ్చి ఉండాల్సిన అవసరం లేదు. డిప్రెషన్ మీద 2017లో వచ్చిన, అధ్యయనాలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సమీక్ష 9 అధ్యయనాలను, 421 మందిని పరిశీలించింది. మామూలు చికిత్సకు తోడుగా ఇస్తే కొద్దికాలానికి మేలు కనబడింది. "తోడుగా" అన్నమాట మరిచిపోవద్దు.

ఫలానా హెర్ట్జ్ శ్రుతిలో ఉన్న శబ్దం వింటే ఆందోళన పోతుందనే వీడియోలకు ఆధారం లేదు. మోట్సార్ట్ వింటే తెలివి పెరుగుతుందన్నదీ అంతే. 1993 నాటి ఆ అధ్యయనం చేసింది 36 మంది కాలేజీ విద్యార్థుల మీద, కనబడిన ప్రభావం పావుగంట కూడా నిలవలేదు.

అపోహ: మందులిస్తే కళాకారుడిలో కళ చచ్చిపోతుంది

డెన్మార్క్ వైద్యుడు మోగెన్స్ షౌ 1979లో మూడ్ స్థిరపరచడానికి ఇచ్చే లిథియం వాడుతున్న 24 మంది కళాకారులను అడిగితే, 12 మంది తమ పని పెరిగిందన్నారు, 6 మంది మారలేదన్నారు, 6 మంది తగ్గిందన్నారు. చిన్న అధ్యయనమే. ఆ చివరి ఆరుగురి మాట కొట్టిపారేయకూడదు, డోసు విషయంలో వాళ్లతో కూర్చుని మాట్లాడాలి. ఉన్మాదం ముదిరిన రాత్రి రాసిన పాటలను మర్నాడు వాళ్లే చించేసిన సందర్భాలు మాత్రం నాకు చాలా తెలుసు.

అపోహ: మానసిక వైద్యులకు చావులు అలవాటైపోతాయి

కావు. రోగి ఆత్మహత్య చేసుకుంటే డాక్టర్ కూడా దుఃఖపడతాడు, దాంతోపాటు ఎవరేమంటారోనన్న భయం. ఆ తర్వాత కొందరు జూనియర్లు చిన్న అనుమానానికే అందరినీ అడ్మిట్ చేస్తారు. ఇంకొందరు ఆత్మహత్య గురించి అడగడమే మానేస్తారు. రెండోది ప్రమాదం. తప్పెవరిదని వెతకకుండా సీనియర్‌తో కూర్చుని కేసంతా చర్చించడం వల్ల చాలామంది నిలదొక్కుకుంటారు.

అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని ఇంట్లోవాళ్లకూ భయమే. అడగడం వల్ల ఆ ఆలోచనలు పెరగవని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగితే ఊపిరి పీల్చుకునేవాళ్లే ఎక్కువ. సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" ఇన్నాళ్లూ ఎవరినీ ముట్టుకోనివ్వని గిటారును, రికార్డులను ఉన్నట్టుండి పంచిపెట్టేస్తుంటే, కుంగిపోయి ఉన్న మనిషి కారణం లేకుండా ప్రశాంతంగా కనబడుతుంటే, అదే రోజు అడగాలి. అవునంటే ఒంటరిగా వదలకుండా, మాత్రలు, పురుగుమందుల్లాంటివి అందకుండా తీసేసి, అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. రాత్రయితే ఎమర్జెన్సీకి.