బంతి తెచ్చే కుక్క: పరుగు దానిది, ఇవ్వడం మనం నేర్పాలి

లాబ్రడార్ ముందు బంతి విసిరితే దాని వెంట పరుగెత్తమని ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ బంతిని నోట కరుచుకుని వచ్చి, మనకు రెండు గజాల దూరంలో ఆగి, తోక ఊపుతూ 'పట్టుకో చూద్దాం' అన్నట్టు చూడడమూ దానికి ఎవరూ నేర్పలేదు. శిక్షణలో శ్రమంతా ఆ రెండు గజాల దగ్గరే ఉంటుంది.

తోడేలు వేటలో ఎరను గమనించడం, పొంచి దగ్గరకు జరగడం, తరమడం, పట్టి కరవడం, చంపడం, చీల్చి తినడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మనిషి తన అవసరం కొద్దీ ఎంచి పెంచిన జాతుల్లో ఈ గొలుసులోని కొన్ని లంకెలు బలపడ్డాయి, కొన్ని సడలాయి. గొర్రెలను మళ్లించే బార్డర్ కోలీలో పొంచడం, తరమడం మిగిలి, కరవడం వెనకబడింది. వేటగాడు కొట్టిన పక్షిని తెచ్చిచ్చే రిట్రీవర్లలో (లాబ్రడార్ ఈ కోవదే) తరిమి పట్టడం నిలిచి, చంపడం, చీల్చడం మరుగునపడ్డాయి. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్లకు సాయపడిన నీటికుక్కల సంతతిని 19వ శతాబ్దంలో బ్రిటన్ ప్రభువులు, తాము కాల్చిన పక్షులను గాటు పడకుండా తెచ్చేందుకు మలుచుకున్నారు. కుక్క జాతులను నమోదు చేసే బ్రిటన్ సంస్థ కెన్నెల్ క్లబ్ 1903లో లాబ్రడార్‌ను ప్రత్యేక జాతిగా గుర్తించింది.

అయితే మనిషి పిలుపుకు బంతి తేవడం పూర్తిగా ఈ ఎంపిక వల్లే పుట్టిందని చెప్పలేం. స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మూడు ఈతలకు చెందిన 13 తోడేలు పిల్లలను 8 వారాల వయసులో పరీక్షించారు. కొత్త మనిషి బంతి విసిరి పిలిచినప్పుడు వాటిలో మూడు పిల్లలు దాన్ని తెచ్చి ఇచ్చాయి. ఆ మూడూ ఒకే ఈతవి కావడం ఆసక్తికరం. 2020లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి.

ఇవ్వడమే కష్టమైన అంకం కాబట్టి పాఠాన్ని చివరి నుంచి మొదలుపెట్టడం మేలు. కుక్క నోట్లో బంతి ఉండగా దాని ముక్కు దగ్గర చిన్న కోడిమాంసం ముక్క చూపాలి, రెండో అరచేతిని గడ్డం కింద పెట్టాలి. దవడలు సడలి, తడిసిన బంతి చేతిలో పడిన క్షణంలోనే 'వదులు' అనాలి, ముక్క పెట్టాలి, వెంటనే బంతిని తిరిగి దానికే ఇచ్చేయాలి. ఇస్తే పోదని నమ్మకం కుదిరాకే దూరం పెంచాలి. మొదట ఇంట్లో సన్నటి వసారాలో విసిరితే పక్కకు పారిపోయే దారి ఉండదు. అది రాకపోతే మనం వెంటపడకూడదు, వెంటపడితే దానికి కావలసిన ఆట మనమే ఆడినట్టు. వెనుదిరిగి పరుగెత్తితే అదే మన వెంట వస్తుంది. లాబ్రడార్‌కు తిండి ఆశ ఎక్కువ కావడానికి జన్యు కారణం కూడా ఉంది. ఆకలి తీరిన సంకేతానికి సంబంధించిన పోమ్‌సీ జన్యువులో కొంత భాగం లోపించినవి ఈ జాతిలో దాదాపు నాలుగో వంతు ఉంటాయని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో తేల్చారు. శిక్షణకు ఇది వరమే, కాకపోతే పెట్టిన ముక్కలను రోజువారీ భోజనంలో తగ్గించాలి.

హుషారెక్కువైన కుక్కను అలసిపోయేదాకా పరుగెత్తించాలనే సలహా తరచూ వినిపిస్తుంది. దాని ఫలితం మరింత దమ్మున్న, మరింత ఉద్రేకపడే కుక్క. పది విసుర్ల బదులు మూడు విసిరి, ప్రతిసారీ బంతి నేల మీద ఆగేదాకా కూర్చోబెట్టి, ఆ తర్వాతే పంపితే దాని బుద్ధికి పని పడుతుంది. గడ్డిలో దాచిన బంతిని వాసనతో వెతికిస్తే ఇంకా మంచిది.

పరుగు తగ్గించడానికి మన వాతావరణంలో మరో కారణమూ ఉంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్లలోనే. రొప్పుతున్నప్పుడు నాలుక, ముక్కులోని తడి ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండినప్పుడు ఆ ఆవిరి మందగిస్తుంది కనుక, మే నెలలో విశాఖ సాయంత్రపు ఉక్కపోత కుక్కకు ఎండంత ప్రమాదమే కావచ్చు. పైగా బంతి మీద ధ్యాస ఉన్న లాబ్రడార్ తనంతట తాను ఆగదు. నాలుక కొన వెడల్పై వేలాడడం, తిరిగి వచ్చే నడక నెమ్మదించడం ఆట ఆపేయాలని చెప్పే గుర్తులు. కొన్ని లాబ్రడార్లలో డైనమిన్-1 జన్యువులోని మార్పు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తే, 5 నుంచి 15 నిమిషాల తీవ్రమైన పరుగు తర్వాత వెనక కాళ్లు తడబడి కూలబడతాయి. 2008లో ఈ మార్పును గుర్తించారు, దానికి ఇప్పుడు జన్యు పరీక్ష ఉంది. కూలబడిన కుక్కకు కారణం ఏదైనా ముందు నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, గాలి తగిలేలా చూస్తూ పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.