పొడి ఇన్‌హేలర్ మీద అపోహలు: తయారుచేసే వైపు నుంచి కొన్ని వాస్తవాలు

హైదరాబాద్‌లో ఫార్మాలో పని అనగానే "ఏం మందు తయారు చేస్తారు?" అని అడుగుతారు. మందును ఊపిరితిత్తుల దాకా చేర్చే పరికరాన్ని డిజైన్ చేయడం నా పని, ముఖ్యంగా పొడి ఇన్‌హేలర్లు. "ఓస్, ఆ ప్లాస్టిక్ గొట్టమా!" అన్నది ఆ వెంటనే వచ్చే మాట. మిగతా అపోహలు చాలావరకు ఆ మాటలోంచి పుట్టినవే.

అపోహ: పీల్చడానికి బలం పెట్టాల్సి వస్తోందంటే లోపల ఏదో అడ్డుపడింది.

ఆ అడ్డు మేం కావాలని పెట్టిందే. నొక్కితే బుస్సుమనే ఇన్‌హేలర్‌లో మందును బయటికి తోసేది గ్యాస్. పొడి ఇన్‌హేలర్‌లో ఆ గ్యాస్ ఉండదు. ఉన్న శక్తంతా మీరు పీల్చే గాలిదే. లోపల మందు కణాలు లాక్టోజ్ అనే పాల చక్కెర పలుకులకు అంటుకుని ఉంటాయి, అరిసెకు అద్దిన నువ్వుల్లాగా. గాలి దారిని సన్నగా చేసి, సుడి తిప్పి, ఆ నువ్వుల్ని రాల్చడమే పరికరం పని. రాలకపోతే మందు లాక్టోజ్‌తో పాటే గొంతులో ఆగిపోతుంది.

ఈ అడ్డు పరికరాన్ని బట్టి మారుతుంది. ల్యాబ్‌లో 4 కిలోపాస్కల్స్ ఒత్తిడి తేడాతో లాగితే హ్యాండీహేలర్ అనే పొడి ఇన్‌హేలర్‌లోంచి నిమిషానికి 40 లీటర్ల దగ్గర గాలి వెళ్తుంది. బ్రీజ్‌హేలర్ అనే ఇంకోదాంట్లో 100 లీటర్లు దాటుతుంది. గాలి తక్కువ పోతోంది కాబట్టి మొదటిది నాసిరకం అనుకోవద్దు. అడ్డు ఎక్కువున్న చోట తక్కువ గాలితోనే పొడి విడిపోయేలా దాన్ని డిజైన్ చేశారు.

గ్యాస్ ఇన్‌హేలర్‌ను నెమ్మదిగా, లోతుగా పీల్చాలి. పొడి ఇన్‌హేలర్‌ను మొదటి క్షణం నుంచే గట్టిగా లాగాలి. మెల్లగా మొదలుపెట్టి చివర్లో బలం పెడితే లాభం లేదు, అప్పటికే పొడి చాలావరకు బయల్దేరిపోయి ఉంటుంది. రెండు రకాలూ వాడేవాళ్లు ఇక్కడ తికమక పడతారు. చీటీ మీద రెండు రకాలు రాసిచ్చి, తేడా ఎవరూ చూపించకపోతే పేషెంట్ తప్పేముంది?

అపోహ: పొడి ఎంత మెత్తగా ఉంటే అంత లోపలికి పోతుంది.

మాకు కావలసింది సుమారు 1 నుంచి 5 మైక్రాన్ల కణం (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). అంతకన్నా పెద్దది గొంతు మలుపు తిరగలేక అక్కడే తగులుకుంటుంది. మరీ చిన్నదైతే గాలిలో తేలుతూ, వదిలే ఊపిరితో కొంత వెనక్కి వచ్చేస్తుంది. పైగా పొడి సన్నబడేకొద్దీ ఉండ కట్టే గుణం పెరుగుతుంది, కొన్ని పరికరాల్లో పెట్టి పీల్చే క్యాప్సూల్‌లో దాన్ని కొలిచి నింపడమే గగనమవుతుంది. అందుకే లాక్టోజ్ తోడు. 200 మైక్రోగ్రాముల మందున్న క్యాప్సూల్‌లో మీ కంటికి కనబడే పొడి దాదాపు అంతా లాక్టోజే. పాల ప్రోటీన్ అంటే తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లు డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఎంత బాగా పీల్చినా కొంత మందు నోట్లో, గొంతులో మిగులుతుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవాళ్లను నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయమనేది అందుకే.

అపోహ: రుచి తెలియలేదంటే డోసు రాలేదు. ఊపితే చప్పుడొస్తోందంటే ఇంకా మందుంది.

రెండూ తప్పే. లాక్టోజ్ తక్కువున్న, లేదా అసలు లేని పరికరాల్లో నాలుకకు ఏమీ తగలదు. టర్బుహేలర్ అనే పొడి ఇన్‌హేలర్‌ను ఊపితే గలగలమనేది తేమను పీల్చే పదార్థం, మందు అయిపోయాక కూడా అది మోగుతూనే ఉంటుంది. చప్పుడును వదిలేసి, ఇంకా ఎన్ని డోసులున్నాయో చూపే కౌంటర్ చూడండి.

అపోహ: క్యాప్సూల్సే కదా, ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

జూలైలో మన ఊళ్లో ముసురు పట్టినప్పుడు ఒక స్ట్రిప్‌లోని క్యాప్సూల్స్ అన్నీ విప్పి చిన్న డబ్బాలో పోసుకుంటే ఏమవుతుందో చెప్తాను. తేమకు మందు, లాక్టోజ్ మరింత గట్టిగా అతుక్కుంటాయి, గాలి వాటిని విడదీయలేదు. బాత్‌రూమ్ అల్మారా కూడా అంతే. పరికరంలోకి ఊపిరి వదలడం ఇంకా ఘోరం: తేమకు తేమ, పైగా సిద్ధం చేసుకున్న డోసు ఎగిరిపోతుంది. వాడే ముందు మాత్రమే క్యాప్సూల్ బయటికి తీయండి.

ఇంకో సంగతి. ఈ క్యాప్సూల్స్‌ను మామూలు మాత్రల్లా నీళ్లతో మింగేసేవాళ్లు ఎక్కడో ఒకరిద్దరు కారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చింది. చూడ్డానికి మాత్రలా ఉన్నదాన్ని మనిషి మింగుతాడు. దాన్ని నేను పేషెంట్ అజ్ఞానం అనను, డిజైన్ లోపం అంటాను.

అపోహ: పేటెంట్ అయిపోయిందిగా, బాలానగర్‌లో ఒక డై (ప్లాస్టిక్ అచ్చు) చేయిస్తే సరి.

హైదరాబాద్ బాలానగర్‌లో అచ్చులు చేసే టూల్‌రూమ్‌లకు కొదవలేదు, ఆ పని నేర్పే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ (సీఐటీడీ) కూడా అక్కడే ఉంది. గొట్టం వస్తుంది, అచ్చం అలాగే వస్తుంది. కానీ అచ్చు రెండు భాగాలు కలిసే చోట పొడుచుకొచ్చే సన్నటి ప్లాస్టిక్ పొర, మేం ఫ్లాష్ అంటాం, గాలి దారి అంచున కాస్త మిగిలినా అడ్డు మారుతుంది, దాంతో డోసు మారుతుంది. ప్లాస్టిక్ రకం మారిస్తే స్టాటిక్ కరెంట్ మారి పొడి గోడలకు అంటుకోవచ్చు. ఇంపాక్టర్ అనే యంత్రంలో పొడిని సైజుల వారీగా అంతస్తులుగా పట్టి, ఏ అంతస్తులో ఎంత మందు పడిందో కొలిస్తే తప్ప ఇవేవీ బయటపడవు. అడ్వేర్ డిస్కస్ అనే పొడి ఇన్‌హేలర్‌కు అమెరికాలో 2000లో అనుమతి వచ్చింది. దానికి బదులుగా ఇవ్వదగ్గ మొదటి జెనెరిక్, మైలాన్ వాళ్లది, 2019 జనవరిలో గానీ అనుమతి పొందలేదు. అన్నేళ్లు పట్టడానికి పేటెంట్లు ఒక్కటే కారణం కాదు.

అపోహ: ఇన్‌హేలర్ ఆఖరి మందు, అలవాటు పడితే వదలదు.

ఆయాసానికి వాడే సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు ఉంటే, పీల్చే క్యాప్సూల్ 200 మైక్రోగ్రాములు, అంటే 20వ వంతు. నేరుగా చోటుకు చేరుతుంది కాబట్టే అంత తక్కువ. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందు కోసం లైన్లో నిలబడేవాళ్లతో నాకు తగవు లేదు. కానీ అది వేసుకున్నామని ఇన్‌హేలర్ మాత్రం ఆపొద్దు.

అపోహ: పొడి ఇన్‌హేలర్ అందరికీ సరిపోతుంది.

నేను చేసే వస్తువే అయినా, సరిపోదు. చిన్నపిల్లలు అంత గట్టిగా లాగలేరు. ఆయాసం మరీ ముదిరినప్పుడు పెద్దవాళ్లకూ కష్టమే. ఐదేళ్లలోపు పిల్లలకు గ్యాస్ ఇన్‌హేలర్‌తో స్పేసర్ (ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య తగిలించే గొట్టం లాంటి డబ్బా), మరీ చిన్నవాళ్లయితే దానికి మాస్క్ కూడా. స్పేసర్ కడిగాక మాత్రం బట్టతో తుడవకండి, రుద్దితే స్టాటిక్ పుట్టి మందును గోడలకు లాగేస్తుంది. సబ్బు నీళ్లలో ముంచి తీసి, అలాగే గాలికి ఆరనివ్వండి.