పాముకు రంగు చూసి పేరు పెట్టకండి: కొన్ని అపోహలు - వాస్తవాలు

వానలు మొదలయ్యాయంటే నా ఫోను నిండా పాముల ఫొటోలే. హనుమకొండ, వరంగల్ చుట్టుపక్కల ఇళ్లలో దూరిన పాములను పట్టి అటవీశాఖ వారికి అప్పగిస్తుంటాను. ఫొటోతో పాటు వచ్చే ప్రశ్న తరచూ ఒకటే: "అన్నా, ఇది కొత్త జాతా?"

అపోహ: తెల్ల కట్లు ఉంటేనే కట్లపాము.

వాస్తవం: ప్రాణం తీసే అపోహ ఇది. పెద్దవైన కట్లపాముల్లో కట్లు మాసిపోయి, ఒళ్లంతా నల్లగా నిగనిగలాడేవీ ఉంటాయి. విషం లేని ఉల్ఫ్ స్నేక్‌కేమో చక్కని కట్లుంటాయి. దాని కట్లు మెడ దగ్గరే మొదలై తోక వైపు మాసిపోతాయి. కట్లపాముకు మెడ దాటి కొంత దూరం పోయాక మొదలై, జంటలు జంటలుగా తోక దాకా సాగుతాయి. అయినా నేను నమ్మేది వెన్ను మీది పొలుసులనే. కట్లపాముకు వెన్ను వెంట ఒక వరుస పొలుసులు పక్కవాటికన్నా పెద్దవిగా, ఆరు పలకలతో ఉంటాయి. ఒక ఇంట్లో పత్తి బస్తాల వెనక కుబుసం దొరికింది. కుబుసానికి రంగు అంతగా మిగలదు. వెలుతురుకు పట్టి చూస్తే ఆ ఆరు పలకల వరుస స్పష్టంగా కనిపించింది. ఆ రాత్రి ఇంటిల్లిపాదినీ మంచాల మీదే, దోమతెర కట్టుకుని పడుకోమన్నాను.

అపోహ: చారలు వేరైతే జాతి వేరు.

వాస్తవం: అమెరికాలోని కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌ల విషయంలో శాస్త్రవేత్తలే ఇలా పొరబడ్డారు. అడ్డ కట్లున్నవి ఒక జాతి, వీపున నిలువు చార ఉన్నవి మరో జాతి అనుకున్నారు. ఒకే తల్లి గుడ్లలోంచి రెండు రకాల పిల్లలూ వస్తాయని పాముల పరిశోధకుడు లారెన్స్ క్లాబర్ చూపించారు.

అపోహ: తెల్లనాగుకు విషం ఉండదు.

వాస్తవం: ఒంట్లో ముదురు రంగునిచ్చే మెలనిన్ తయారుకాక తెల్లబడిన మామూలు నాగుపామే అది. విషం ఎక్కడికీ పోదు. మామూలు రంగున్న తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటే, ప్రతి పిల్లకూ అలా పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. పాలు పోయకండి, పాములు పాలు తాగి బతకవు.

కళ్లు నీలంగా, ఒళ్లు బూడిద పూసినట్టు ఉన్న పామును కూడా "అరుదైనది" అంటూ పంపిస్తారు. అది కుబుసం విడవబోతోంది, అంతే.

కాటు పడితే మాత్రం రంగు గుర్తుపట్టాలని వెతుకుతూ నిలబడకండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి కాటుకూ మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు ఒక్కటే. నేరుగా వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రికి బయలుదేరండి.