పాత కార్ల గడియారాలు: అపోహలు - వాస్తవాలు

దశాబ్దాల పాటు ఎండను, దుమ్మును, కుదుపులను తట్టుకొని నిలిచిన డ్యాష్‌బోర్డు గడియారం కొన్నవారి ఇంటికి చేరిన తొలిరోజే పాడైపోవడం మరమ్మతు బల్ల దగ్గర తరచూ చూస్తుంటాను. చాలా సందర్భాల్లో అందుకు కారణం దాని వయసు కాదు, దాని గురించి పాతుకుపోయిన నమ్మకాలు.

అపోహ: బ్యాటరీ తగిలించి చూస్తే గడియారం బాగుందో లేదో తేలిపోతుంది.

20వ శతాబ్దం మధ్యకాలపు అమెరికన్ కార్లలో వచ్చిన బోర్గ్ వంటి కంపెనీల ఎలక్ట్రిక్ గడియారాలు నిజానికి స్ప్రింగుతోనే నడుస్తాయి. ఆ స్ప్రింగుకు కీ ఇవ్వడం వరకే కరెంటు పని. స్ప్రింగు సడలగానే రెండు కాంటాక్టు పాయింట్లు తాకుతాయి, కాయిల్ ఒక చిన్న మీటను 'టక్'మని వెనక్కి విసురుతుంది, దాంతో స్ప్రింగు మళ్లీ బిగుస్తుంది. నూనె గడ్డకట్టినా, బ్యాటరీ నీరసించినా మీట ఎగరదు. పాయింట్లు అతుక్కునే ఉండి కాయిల్ మాడిపోతుంది. అందుకే ముందు ఆ మీటను వేలితో మెల్లగా వెనక్కి నెట్టి చూడాలి. కాసేపైనా టిక్‌టిక్ వినిపిస్తే యంత్రంలో ప్రాణం ఉన్నట్లే. పాత నూనె కడిగి, పాయింట్లు శుభ్రం చేశాకే కరెంటు ఇవ్వాలి. అదీ 6 వోల్టులా, 12 వోల్టులా అన్నది తేల్చుకొని మాత్రమే, ఎందుకంటే 1950ల మధ్యలో అమెరికన్ కార్లు ఒకదాని నుంచి మరొకదానికి మారాయి.

అపోహ: చీకట్లో వెలగని అంకెల వల్ల ప్రమాదం లేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. చీకట్లో వెలిగేలా పాత అంకెలకు పూసిన రంగులో వెలుగు వచ్చేది జింక్ సల్ఫైడ్ నుంచి, దాన్ని వెలిగించేది రేడియోధార్మిక పదార్థమైన రేడియం. జింక్ సల్ఫైడ్ కొన్ని దశాబ్దాల్లోనే క్షీణిస్తుంది, రేడియం అర్ధాయువు, అంటే సగానికి తగ్గేందుకు పట్టే కాలం, మాత్రం సుమారు 1600 ఏళ్లు. గోధుమరంగుకు తిరిగి పొడిపొడిగా రాలే అంకెలు కనిపిస్తే అద్దం తీయకూడదు, గీకకూడదు, నోటితో ఊదనే కూడదు; ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి చేరడమే అసలు ముప్పు. రేడియోధార్మికతను పసిగట్టే గైగర్ కౌంటర్‌తో పరీక్షించకుండా నేను ఏ పాత డయలునూ తెరవను.

అపోహ: కొత్తదానిలా మెరిస్తేనే విలువ.

తిరిగి అచ్చువేసిన డయలు, అసలు యంత్రం స్థానంలో చేరిన క్వార్ట్జ్ యంత్రం, రెండూ విలువను తగ్గిస్తాయి. తడిగుడ్డతో తుడవడం వల్ల అక్షరాలే లేచిపోయిన డయళ్లకు ఇక చేయగలిగింది లేదు.

అపోహ: సీరియల్ నంబరు సంవత్సరమూ కారు సంవత్సరమూ కలవకపోతే మోసం.

ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచే వాల్తమ్ కంపెనీ గడియారాల మీది నంబరు యంత్రం ఎప్పటిదో సుమారుగా చెబుతుందే తప్ప, కారులో ఎప్పుడు బిగించారో చెప్పదు. కాబట్టి ఒకటి రెండేళ్ల తేడా సహజమే. నేనైతే స్విస్ కంపెనీ హ్యూయర్ తయారుచేసిన స్టాప్‌వాచీ, గడియారం ఒకే పలక మీద ఉన్న జంటల విషయంలోనే ఎక్కువ అనుమానపడతాను. విడివిడిగా దొరికినవాటిని కొత్త పలకకు బిగించి జంటగా అమ్మేవారు ఉన్నారు గనుక, ముందువైపు చూసి మురిసిపోయేలోగా పలకను వెనక్కి తిప్పి, మరలు, తుప్పు, అరుగుదల ఒకే కాలానివేనా అని చూడటం మంచిది.