హైవే రన్‌వే ఉండగా దగదర్తి ఎందుకు?

చిన్న ప్రైవేటు విమానం దిగుతూ ప్రమాదానికి గురైందన్న వార్త రాగానే నెల్లూరు, ఒంగోలుల్లో పాత వాదన మళ్లీ మొదలైంది. కొరిశపాడు దగ్గర హైవే మీద అంత పొడవైన రన్‌వే పెట్టుకుని నెల్లూరు జిల్లా దగదర్తిలో వేరే విమానాశ్రయానికి భూములెందుకని కొందరి ప్రశ్న.

ఈ ప్రశ్నకు బలమిచ్చిన రోజు 2024 మార్చి 18. అద్దంకి సమీపంలోని ఈ కొరిశపాడు వద్ద 16వ నంబరు జాతీయ రహదారిపై 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు ఉన్న అత్యవసర ల్యాండింగ్ స్ట్రిప్‌ను వాయుసేన ఆ రోజు పరీక్షించింది. సుఖోయ్-30, హాక్ జెట్ విమానాలు కిందికి వచ్చి, చక్రాలు ఆనించకుండానే పైకి లేచాయి. రవాణా విమానాలైన ఏఎన్-32, డోర్నియర్ దిగి మళ్లీ ఎగిరాయి. డోర్నియర్ చిన్నదే కదా, ప్రైవేటు విమానాలూ దిగొచ్చన్న నమ్మకం అక్కడే పాతుకుపోయింది.

పొడవు సరిపోతుందన్నది నిజమే. నలుగురు పట్టే చిన్న విమానం సెస్నా 172 దిగి ఆగడానికి మామూలుగా అర కిలోమీటరు చాలు. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది వేరేచోట. వేగం ఎక్కువై విమానం నేలను తాకి ఎగిరిపడుతుంది. కంగారులో పైలట్ కంట్రోలు ముందుకు నెడితే ముక్కు చక్రం ముందు తగులుతుంది. రెండు మూడు గెంతుల్లో ఆ చక్రం కాలు విరిగి ప్రొపెల్లర్ నేలను కొడుతుంది. మొదటి గెంతుకే థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఇంజిన్‌కు పూర్తి శక్తినిచ్చి, ఫ్లాప్స్ (రెక్కల వెనుక వంగే పలకలు) 20 డిగ్రీలకు తగ్గించి, పైకి లేచి మళ్లీ చుట్టు తిరిగి రావాలి.

రెండోది పక్కగాలి. ఇక్కడ హైవే దాదాపు తీరం వెంటే సాగుతుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి దానికి అడ్డంగా వీస్తుంది. సెస్నా 172 హ్యాండ్‌బుక్‌లో పరీక్షించి చూపిన పక్కగాలి 15 నాట్లు, అంటే గంటకు సుమారు 28 కిలోమీటర్లు. అంతకు లోపు కూడా చక్రాలు వాలుగా ఆనితే విమానం రన్‌వే దాటి పక్కకు పోతుంది. అప్పుడు అక్కడ ఏముందన్నదే ప్రాణాలు నిలిపేది. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం అతిచిన్న రన్‌వేకైనా మధ్యగీత నుంచి ఇరువైపులా 30 మీటర్ల జాగా చదునుగా, ఖాళీగా ఉండాలి. పరికరాల సాయంతో దిగే చోటైతే ఖాళీ జాగా 70 మీటర్లు ఉండాలి. హైవే ఇచ్చే కాంక్రీటు ఒక్కో వైపు పదహారున్నర మీటర్లే. పైగా వాయుసేన విన్యాసానికి ట్రాఫిక్ మళ్లించారు. రోజూ అలా కుదరదు.

దగదర్తికి 2019 జనవరిలోనే శంకుస్థాపన జరిగింది. తరువాతి ప్రభుత్వం రామాయపట్నం దగ్గరి తెట్టు వైపు చూసింది, 2024 తరువాత చూపు మళ్లీ దగదర్తికి వచ్చింది. భూములిచ్చే రైతుల పరిహారం గొడవ న్యాయమైనదే, దాన్ని తేల్చాలి.

ఈలోగా అడగాల్సింది రన్‌వే ఏ దిక్కుకు వేస్తున్నారని. చిన్న విమానాల లెక్కకు పక్కగాలి 10 నాట్లు మించకుండా, ఏడాదిలో 95 శాతం సమయం వాడుకోగలిగేలా దిశ ఎంచాలి. అందుకు వీలైతే కనీసం అయిదేళ్ల గాలి నమోదులు చూడాలి.